చదివిందే మళ్ళీ చదివితే

"మళ్ళీ అదే పుస్తకమా?"

మన ఇళ్ళల్లో ఈ మాట ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కలేదు. చదివేసిన నవల అంటే తినేసిన అరటిపండు తొక్కలాంటిదని అడిగేవాళ్ళ ఉద్దేశం. కథ తెలిసిపోయింది, ఎవరు ఎవర్ని పెళ్ళాడారో తెలిసిపోయింది, ఇంకా అందులో ఏముంది గనకా అని! పైకి నిజమే అనిపిస్తుంది. కానీ ఆ అడిగిన మనిషే ఘంటసాల పాట వెయ్యోసారి వింటూ కళ్ళు మూసుకుని తల వూపుతాడు. టీవీలో 'మాయాబజార్' వస్తే అన్నం కంచం చేత్తో పట్టుకుని అక్కడే కూలబడతాడు. ఈ ఏడు ఆవకాయకి పోయినేటి రుచి రాకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. పాటకీ, సినిమాకీ, ఆవకాయకీ లేని దోషం పాపం నవల కెందుకొచ్చిందో మీరే చెప్పండి.

నవలలు రాసేదాన్నయి వుండి చదివిందే చదవండి అనడం, కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే అని నా స్నేహితురాళ్ళు వేళాకోళం చేస్తారు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మా శ్రీకాకుళం, విజయనగరం వైపు కథ ఒకటి చెప్పాలి. ఎందుకంటే, తెలిసిన కథనే మళ్ళీ కోరుకోవడం మా వైపు సోమరితనం కింద లెక్క కాదు. అది మాకు మూడువందల ఏళ్ళకి దగ్గర పడుతున్న అలవాటు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఒకపక్క బుస్సీ దొర ఫిరంగులూ, విజయనగరం పూసపాటి విజయరామరాజు సైన్యమూ. రెండోపక్క రంగారావు, ఆయన చిన్న మట్టికోట. కోట నిలవదని తెలిసిపోయాక లోపలి ఆడవాళ్ళు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని వాళ్ళ వాళ్ళే వాళ్ళ ప్రాణాలు తీశారు. మూడోనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో జొరబడి విజయరామరాజుని పొడిచి చంపాడు. కథ ఇంతే. నాలుగు ముక్కల్లో చెప్పేశాను. కానీ దీన్ని జంగం కథకులు తంబురా మీటుకుంటూ రాత్రంతా పాడేవారు. వినేవాళ్ళలో ఆ కథ తెలియనివాడు ఒక్కడుండేవాడు కాడు. కోట కూలుతుందని తెలుసు. మల్లమ్మదేవి బతకదని తెలుసు. తెలిసే ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఈసారైనా కోట నిలిస్తే బాగుండునని లోపల్లోపల అనుకుంటూ, నిలవదని ఖాయంగా తెలిసి, ఏడుస్తూ కూచునేవారు.

అంచేత 'ముందేం జరుగుతుందో' అన్న ఆత్రమే కథకి ప్రాణం అనుకోవడం పొరపాటు. ఆత్రం కథకి ముంగిలి లాంటిది. ముంగిట్లో నిలబడి చూసి వెళ్ళిపోయేవాళ్ళకి ఇల్లు తెలియదు గదా!

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూశారా? దసరా వెళ్ళిన మొదటి మంగళవారం జరుగుతుంది. ఆ అమ్మవారు విజయరామరాజుకి చెల్లెలనీ, బొబ్బిలి యుద్ధం రోజుల్లోనే ఆమె తనువు చాలించి దేవత అయిందనీ మావాళ్ళ నమ్మకం. పొడవాటి మాను చివర పూజారి కూచుంటాడు. మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోట దాకా సిరిమాను ఒకసారి కాదు, మూడుసార్లు తిరుగుతుంది. మొదటి తిరుగుడులో చూసేశాం కదా అని ఇంటికి పోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అరటిపళ్ళు విసురుతూ మూడోసారి కూడా మొదటిసారి లాగే దణ్ణం పెడతారు. పోయినేడాది కూడా వాళ్ళే వచ్చారు, వచ్చేయేడాది కూడా వాళ్ళే వస్తారు.

హరికథ మాట వేరే చెప్పాలా? ఆదిభట్ల నారాయణదాసుగారు మా అజ్జాడ మనిషి. 1864లో పుట్టి 1945లో పోయారు. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడాయనే. ఆయన గజ్జెకట్టి రుక్మిణీ కల్యాణం చెబుతుంటే, కృష్ణుడు వస్తాడా రాడా అని అనుమానపడ్డవాళ్ళు సభలో ఎవరుంటారు? వస్తాడని పసిపిల్లలకి కూడా తెలుసు. ఎలా వస్తాడో, దాసుగారి నోట ఈ పూట ఎలా వస్తాడో చూడ్డానికే ఆ జనం.

జర్మనీ దేశపు చరిత్రకారుడు రోల్ఫ్ ఎంగెల్సింగ్ ఒక మాట చెప్పాడు. సుమారు 1750 దాకా అక్కడి జనం దగ్గర పుస్తకాలు బహు తక్కువ. బైబిలు, ఒక ప్రార్థనల పుస్తకం, ఒక పంచాంగం. వాటినే జీవితమంతా తిరగేసి మరగేసి చదివేవారట. ఆ తర్వాత అచ్చు పెరిగింది, నవలలొచ్చాయి, పత్రికలొచ్చాయి. జనం ఒక్కొక్కటి ఒక్కసారి చదివి అవతల పారేసి ఇంకోటి అందుకోవడం మొదలెట్టారు. ఈ సిద్ధాంతం మరీ నున్నగా వుందని తర్వాతి పండితులు తప్పులు పట్టారనుకోండి. అయినా మన ఇళ్ళకేసి చూసుకుంటే అందులో కొంత నిజం కనిపిస్తుంది. ముందు తరాల ఇళ్ళల్లో వుండేవి రామాయణం, పోతన భాగవతం, పెద్దబాలశిక్ష. సుందరకాండ ఒకసారి చదివేశాను, ఇంక చాలు అన్న ముసలమ్మని ఎవరైనా చూశారా? పారాయణ అన్న మాటలోనే మళ్ళీ మళ్ళీ అన్న అర్థం వుంది. తర్వాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'రాజశేఖర చరిత్ర' రాశారు. 1878లో పత్రికలో మొదలై 1880లో పుస్తకమైంది. నవల అన్న పేరు అప్పటికింకా అలవాటు కాలేదు. పేరు ఏదైతేనేం, కొత్త సరుకు వచ్చింది. కొత్త సరుకు కోసం ఎదురు చూడ్డమూ వచ్చింది.

కానీ ఇక్కడే ఒక తమాషా జరిగింది. నవలలు వచ్చాక కూడా తెలుగువాళ్ళు పారాయణ మానలేదు. పారాయణ గ్రంథాన్ని మార్చుకున్నారంతే. మా వైపయితే ఆ కొత్త పారాయణ గ్రంథం 'కన్యాశుల్కం'.

అది నవల కాదు, నాటకం కదా అంటారు. అవును, పేరుకి నాటకమే. మొదట 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ అప్పారావుగారు దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి వేశారు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది. ఆ రెండో కన్యాశుల్కాన్ని ఉన్నదున్నట్టు ఆడాలంటే రాత్రి మొదలెడితే తెల్లారుతుంది. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ముల వంటి గట్టి నటులు దాన్ని రంగస్థలం మీద బతికించారు గానీ ఆడిన ప్రతివాళ్ళూ ఎక్కడో అక్కడ కత్తిరించక తప్పలేదు. 1955లో సినిమా వచ్చింది. సావిత్రి మధురవాణి, రామారావు గిరీశం. అందులోనూ కత్తెరే. అంచేత పూర్తి కన్యాశుల్కం కావాలంటే మనవాళ్ళకి దారి ఒక్కటే, పడక్కుర్చీలో కూచుని నవలలాగా చదువుకోవడం. నూటపదిహేనేళ్ళు దాటింది, అలాగే చదువుతున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తన పుస్తకాన్ని అందరికంటే ముందు మళ్ళీ చదివినవారు గురజాడవారే. ఆడించారు, మెప్పు వచ్చింది, అచ్చు వేశారు, పేరొచ్చింది. ఇంకొకరైతే ఆ పేరు మీద ఇంకో అరడజను నాటకాలు రాసుకుని వుండేవారు. ఆయన పన్నెండేళ్ళ తర్వాత పాత పుస్తకమే ముందేసుకున్నారు. మొదటి కూర్పులో మధురవాణిది చిన్న పాత్ర. రెండో కూర్పుకి వచ్చేసరికి ఆమె నాటకాన్నంతా చేతిలో పెట్టుకుని నడిపే మనిషయింది. రాసినాయనకే తన పుస్తకంలో ఎవరున్నారో రెండోసారికి గానీ పూర్తిగా కనపడలేదన్నమాట. రాసినవారికే అలాగైతే, మనం ఒక్కసారి చదివి 'అయిపోయింది' అనడం ఎంత సాహసం!

ఈ పుస్తకం వెనక ఒక పట్టిక వుంది. ఆనంద గజపతి మహారాజుగారు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు లెక్క కట్టించారు. ఆ రోజుల్లో విజయనగరం కూడా ఆ జిల్లాలోదే. డబ్బు పుచ్చుకున్నామని ఎవరొప్పుకుంటారు? అంచేత పట్టిక పూర్తిది కాదు. అయినా 1034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. గురజాడవారు మొదటి కూర్పు పీఠికలో ఈ అంకెలన్నీ ఇచ్చారు. ఏడాది పిల్లకి మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయల దాకా పలికిందట.

మొదటిసారి కన్యాశుల్కం చదివినవాళ్ళెవరైనా గిరీశాన్నే చదువుతారు. చుట్ట, ఇంగ్లీషు, కోతలు. పొట్ట చెక్కలవుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో నేనూ గిరీశాన్నే చదివాను. మా ఇంట్లో మగవాళ్ళంతా గిరీశం మాటలే మాట్లాడుకునేవారు. ఇంటికి వచ్చిన అల్లుడు కాస్త గొప్పలు చెబితే అతనికి చాటున ఆ పేరే. బి.ఏ. చదివే రోజుల్లో మళ్ళీ తీశాను. ఈసారి పుస్తకమంతా మధురవాణిదే. అంత తెలివి, అంత నిబ్బరం, మాటలో అంత పదును! గిరీశం ఆమె ముందు చిన్న కుర్రాడిలా కనిపించాడు. ఇంకో పదేళ్ళకి చదివినప్పుడు మీనాక్షి కనిపించింది. లుబ్ధావధాన్లుగారి కూతురు, చిన్నతనంలోనే వితంతువు, రామప్పంతులు చేతిలో మోసపోయిన మనిషి. అంతకు ముందు రెండు చదువుల్లో ఆమె వచ్చిన చోటల్లా నవ్వుకుంటూ పేజీ తిప్పేసేదాన్ని.

నలభై దాటాక చదివితే వెంకమ్మ దగ్గర ఆగిపోయాను. అగ్నిహోత్రావధాన్లుగారి భార్య. పెద్దకూతురు బుచ్చమ్మని డబ్బుకి ఇచ్చి పెళ్ళిచేస్తే అది ముండమోసి ఇంటికొచ్చింది. చిన్నకూతురు సుబ్బిని మళ్ళీ ముసలాడికి కడతానంటున్నాడు మొగుడు. వద్దని చెప్పింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఎవరూ వినకపోతే వెళ్ళి నూతిలో దూకింది. ఈ దృశ్యం మొదటి చదువుల్లో కూడా వుంది గదా, మరి అప్పుడెందుకు కనపడలేదు? గిరీశం, వెంకటేశం నవ్వించే హడావిడిలో అది పక్కకి పోయింది. ఆడపిల్లని కన్నాక ఆ నూతి చప్పుడు వినపడింది. అప్పుడా పట్టికలోని ముగ్గురు ఏడాది పిల్లల వెనక ముగ్గురు తల్లులు కూడా వుంటారు కదా అనిపించింది. వాళ్ళ లెక్క ఏ పట్టికలోనూ లేదు.

పుస్తకం మారలేదు. అవే అక్షరాలు. మనిషి మారింది. మన వయసు కొలుచుకోడానికి అద్దం కంటే పాత పుస్తకం నయం. అద్దం ఇవాళ్టి మొహాన్నే చూపిస్తుంది. పాత పుస్తకం పదిహేనేళ్ళ మొహాన్నీ, పాతికేళ్ళ మొహాన్నీ కూడా దాచి చూపిస్తుంది.

అచ్చంగా నవల మాటే కావాలంటే డాక్టర్ పి. శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు' వుంది. అనకాపల్లిలో పుట్టిన మనిషి, వైద్యం చదివిన మనిషి. ఈ నవల 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. కథ జరిగేది విశాఖపట్నంలో. 1961లో ఆమె చిన్న వయసులోనే కన్నుమూశారు. రాసిన నవల అదొక్కటే. అంచేత ఆ నవల ఇష్టపడ్డవాళ్ళకి ఆవిడ రాసిన రెండో నవల వెతుక్కునే అవకాశం లేదు. కావాలంటే మళ్ళీ అదే తెరవాలి. ఎంతోమంది అదే చేశారు, అందుకే అది ఇంకా అచ్చులో వుంది.

అందులో ఇందిర వుంది. ఉద్యోగం చేసి, బాధ్యత లేని తండ్రిని పోషిస్తూ, మేడమీద గదిలో వుండే మెడికల్ కాలేజీ కుర్రాడు ప్రకాశంతో చనువుగా తిరిగే అమ్మాయి. నోటికొచ్చింది అనేస్తుంది, కావాలనుకున్నది లాక్కోబోతుంది. కల్యాణిని చూస్తే జాలి, ఇందిరని చూస్తే వొళ్ళుమంట. మొదటిసారి చదివిన ఆడపిల్లలందరికీ ఇదే అనుభవం. మా కాలేజీలో ఇందిరని మెచ్చుకున్నది ఒక్కతే ఒక్కతి, దాన్ని మేమంతా అనుమానంగా చూసేవాళ్ళం. ఉద్యోగం, ఇల్లు, నెలాఖరు, ముసలితనం వచ్చిన పెద్దవాళ్ళు, ఇవన్నీ మన నెత్తిన పడ్డాక రెండోసారి చదవండి. ఇందిర మాటల్లో కరుకుదనం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ ఇంట్లో బియ్యం ఎవరు కొంటున్నారు అన్న ప్రశ్న మొదటిసారి మనకి తోచనే తోచదు. 1963లో ఈ నవల ఆధారంగానే 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. హాయిగా వుంటుంది, పాటలు బాగుంటాయి. అయితే సినిమా చూసినవాళ్ళు నవలకి తిరిగి వచ్చినప్పుడే ఇందిర అసలు ఎత్తు తెలుస్తుంది.

రెండోసారి చదివితే గానీ అసలు చేతికి చిక్కని నవలలు కొన్ని వుంటాయి. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి' అటువంటిది. రావిశాస్త్రిగారు 1922లో శ్రీకాకుళంలోనే పుట్టారు, విశాఖలో వకీలు. 'అల్పజీవి' ఆయన మొదటి నవల. భయస్తుడైన సుబ్బయ్య అనే గుమాస్తా బుర్రలోకి మనల్ని దింపి తలుపేసేస్తారు. వాడి ఆలోచన ఎటు పోతే మనమూ అటే. మొదటిసారి చదువుతుంటే కథ ఎక్కడుందిరా బాబూ అని తడుముకోవలసి వస్తుంది. కాంట్రాక్టరు గవరయ్య ఏం చేస్తాడో, సుబ్బయ్య తప్పుకుంటాడో లేదో అన్న బెంగతో పరిగెడతాం. రెండోసారికి ఆ బెంగ వుండదు. అప్పుడు నిదానంగా ఆ వాక్యాల వెంట నడుస్తాం. మనలో ఎంత సుబ్బయ్య వున్నాడో అప్పుడు తెలిసి, పుస్తకం మూసి చుట్టూ చూసుకుంటాం, ఎవరైనా కనిపెట్టారేమోనని.

ఇంతకీ మన ఇళ్ళల్లో ఈ మళ్ళీ చదవడం ఎక్కువగా ఆడవాళ్ళకే ఎందుకబ్బింది? దీనికీ ఒక చరిత్ర వుంది, అందులో పెద్ద కవిత్వమేమీ లేదు. కొత్త పుస్తకం కావాలంటే బజారుకి వెళ్ళాలి, లైబ్రరీకి వెళ్ళాలి, చేతిలో డబ్బుండాలి. మా అమ్మ తరం వాళ్ళకి ఆ మూడూ కష్టమే. ఇంటికి వచ్చే వారపత్రిక ఒక్కటే దిక్కు. అందులో సీరియల్ వచ్చినంతకాలం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, దాచి, అయిపోయాక దారంతో కుట్టించి అట్ట వేయించుకునేవారు. 1960ల్లో, 70ల్లో రచయిత్రుల నవలల వెల్లువ వచ్చినప్పుడు ఇలాంటి కుట్టు పుస్తకం లేని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళే పిల్ల ట్రంకుపెట్టెలో చీరల కింద అదొకటి వుండేది. వెనకవైపు పేజీలో సగం జోకూ, సగం వంటల శీర్షికా. మధ్యలో ఒకవారం సంచిక ఎవరో పట్టుకుపోతే ఆ భాగం లేకుండానే కుట్టేసేవారు. మా పిన్ని దగ్గరున్న ఒక నవలకి పదకొండో భాగం లేదు. ఆవిడ ఆ భాగాన్ని తనే కల్పించి మాకు చెప్పేది. ప్రతిసారీ కొంచెం మారుస్తూ! చాలా ఏళ్ళకి అసలు పుస్తకం దొరికితే చదివాం గానీ, పిన్ని పదకొండో భాగమే బాగుందని మా అందరి తీర్పు.

తర్వాత ఎమెస్కో వాళ్ళ పాకెట్ పుస్తకాలు వచ్చాయి, ఇంటింటా గ్రంథాలయం పథకం వచ్చింది. వీధి చివర అద్దె పుస్తకాల కొట్లు వచ్చాయి. డిపాజిట్టు కట్టి, రోజుకింతని ఇచ్చి తెచ్చుకోవడం. అద్దె పుస్తకాన్ని రెండోసారి తెచ్చుకోవడమంటే నిజంగా ప్రేమే. చదివిన కథకి మళ్ళీ డబ్బు పోయాలి కదా! "ఇది మొన్న పట్టుకెళ్ళినారు కదమ్మా" అని కొట్టబ్బాయి గుర్తుచేసేవాడు. "ఏటి పర్లేదు, ఇయ్యి బాబూ" అనేవారు మావాళ్ళు. ఆ పుస్తకాల అంచుల్లో ఎవరెవరో పెన్సిలుతో రాసిన రాతలుండేవి. ఒక చేతిరాత 'వీడికి బుద్ధి లేదు' అంటే, కింద ఇంకో చేతిరాత 'ముందు చదవండి, తెలుస్తుంది' అని. ఆ రెండో ఆవిడ తప్పకుండా రెండోసారి చదువుతున్న మనిషే.

కొత్తవి దొరక్క చదివినవే చదివారు కదా, అది బీదతనమే గానీ గొప్పేమిటి అని ఎవరైనా అడగవచ్చు. సగం నిజమే. చదువుకునే వీలు లేకపోవడాన్ని నేను పొగడను. కానీ ఆ ఇరుకులోనే వాళ్ళు ఒక పుస్తకాన్ని పూర్తిగా సొంతం చేసుకున్నారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వస్తువుల్లో ఎవరూ తాకట్టు పెట్టమని అడగనిది అదొక్కటే.

ఇంగ్లీషువాళ్ళకీ ఈ జబ్బు వుంది. గిల్బర్ట్ రైల్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్తని మీరు నవలలు చదువుతారా అని అడిగితే, చదువుతాను, ఏడాదికోసారి ఆరూ చదువుతాను అన్నాడట. ఆరంటే జేన్ ఆస్టిన్ రాసిన ఆరు నవలలు! మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఆస్టిన్ నవలలు మళ్ళీ మళ్ళీ చదువుకున్న సైనికుల మీద కిప్లింగ్ 1924లో ఒక కథే రాశాడు. పైన గుండ్లు పడుతుంటే కొత్త కథలో ఏమవుతుందో అన్న ఆత్రం ఎవడికి కావాలి? చివరికి అంతా సర్దుకుంటుందని ముందే తెలిసిన కథ కావాలి. మనకి గుండ్లు లేకపోయినా ఆస్పత్రి వరండాలున్నాయి, తెల్లారని రాత్రులున్నాయి. అటువంటి రాత్రి కొత్త నవల తెరిచే ధైర్యం నాకైతే లేదు.

ఇక నా కొమ్మ సంగతి. అందరూ పాతవే చదువుతుంటే కొత్తగా రాసేవాళ్ళ గతేమిటి? 1897లో కన్యాశుల్కం కూడా కొత్త పుస్తకమే. 'తెలుగు స్వతంత్ర'లో మొదటి వారం ఇందిరని చదివినవాళ్ళు ఎవరో ముక్కూ మొహం తెలియని రచయిత్రిని నమ్మి చదివారు. అలా నమ్మినవాళ్ళు లేకపోతే మనకి మళ్ళీ చదువుకోడానికి ఏదీ మిగిలేది కాదు. అంచేత కొత్తవి వద్దనడం లేదు. పైగా పాత ఇష్టాలన్నీ నిలబడతాయనీ లేదు. కథానాయకుడు నాయికని అడుగడుగునా అవమానించి, ఆఖరి ప్రకరణంలో కారు తలుపు తెరిస్తే ఆవిడ కళ్ళొత్తుకుంటూ ఎక్కి కూచునే నవలలు ఒకప్పుడు మమ్మల్ని నిద్రపోనిచ్చేవి కావు. ఇప్పుడు తెరిస్తే, ఆ కారు ఎక్కద్దని ఆ పిల్లని చెయ్యిపట్టి వెనక్కి లాగాలనిపిస్తుంది. మళ్ళీ చదవడమంటే ఎప్పుడూ మురిసిపోవడమే కాదు, నిగ్గు తేల్చడం కూడా. నా నవలల్ని కూడా ఎవరైనా పదేళ్ళ తర్వాత ఇలాగే తేలుస్తారని భయం నాకు లేకపోలేదు. ఆ భయం రాసేవాళ్ళకి మంచిది.

ఒక కథని ఎన్నిసార్లు చదవచ్చు అంటే మా వైపు కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' చూపిస్తారు. 1960ల్లో వచ్చింది. అప్పల్రాముడి అప్పు, శ్రీరాములునాయుడి తీర్పు, చివరికి సీతారాముడు కన్నకొడుకుని తనే నరికేయడం. ఆ ముగింపు న్యాయమా కాదా, అప్పు ధర్మమా కాదా అని దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. వాదించిన ప్రతివాళ్ళూ కథలోకి తిరిగి వెళ్ళి ఒక వాక్యం పట్టుకొచ్చేవారు. ఇంతా చేసి అది నవల కూడా కాదు, కథ.

ఆ మాస్టారే 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో 'కథానిలయం' ప్రారంభించారు. సాహిత్య అకాడెమీ బహుమతి డబ్బు దానికే పెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా, అది మొదట అచ్చయిన పత్రికతో సహా, ఒకచోట వుండాలని ఆయన పట్టు. ఊరూరా తిరిగి, ఇళ్ళ అటకల మీద చెదలు పట్టబోయే సంచికలు పోగుచేశారు. 2021 జూన్ 4న ఆయన వెళ్ళిపోయారు. బీరువాలు వున్నాయి. మన తుఫాన్ల సంగతి తెలుసుగా, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. ఇంట్లో దాచుకున్న కాయితానికి ఎంత ఆయుష్షో మా జిల్లాల వాళ్ళని అడగాలి. చిన్నప్పుడు చదివి పేరు మరిచిపోయిన కథని వెతుక్కుంటూ ఆ మెట్లెక్కేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. కొత్తది చూద్దామని కాదు, ఒకప్పుడు చదివింది నిజంగా అక్కడుందా, తాము అనుకుంటున్నట్టే వుందా అని చూసుకోడానికి.

ఒక లెక్క వేసుకున్నాను ఈమధ్య. వారానికొక పుస్తకం చొప్పున చదివితే ఏడాదికి 52. ఇంకో ముప్ఫయ్యేళ్ళు కళ్ళు బాగుంటాయనుకుంటే 1560. అంతే! అచ్చయ్యే పుస్తకాలతో పోలిస్తే ఇది దోసెడు నీళ్ళు. అన్నీ కొత్తవే చదివినా సముద్రం తరగదు. అంచేత మూడు కొత్తవి చదివితే ఒకటి పాతది అని పెట్టుకున్నాను. అంటే 1170 కొత్తవాళ్ళకి, 390 పాత స్నేహితులకి. కొత్తగా రాసేవాళ్ళకి ఇందులో అన్యాయమేమీ జరగలేదని నా ఉద్దేశం.

మీరూ ఈ వేసవిలో ఒకటి తీయండి. పదేళ్ళకు పూర్వం చదివింది అయితే మరీ మంచిది. పేజీలు పసుపెక్కి వుంటాయి, మధ్యలో ఎప్పటిదో బస్సు టిక్కెట్టు దొరుకుతుంది. ఆ టిక్కెట్టు దాకా చదివి ఆపిన మనిషి ఎవరో, ఎందుకక్కడ ఆపిందో మీకు గుర్తుకొస్తే, తర్వాతి పేజీ నుంచి మొదలెట్టకండి. మొదటి పేజీకే వెళ్ళండి.